కొండ దిగేలోపే చీకటి పడుతోందా? టైము లెక్క ఇలా వేసుకోండి

"పన్నెండు కిలోమీటర్లే కదా, మూడు గంటల్లో వచ్చేస్తాం అనుకున్నాం, పిల్లలతో దిగేసరికి చీకటి పడింది" అని కొండెక్కి వచ్చిన ఒక పాఠకులు మాకు రాశారు. మీ నడకలో లోపమేం లేదండీ, లెక్కలో ఎత్తు కలపలేదంతే.

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. గంటకు 5 కిలోమీటర్లు, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. మీరు ఎక్కింది 600 మీటర్లు అన్నారు కాబట్టి దాదాపు మూడున్నర గంటలు. అయితే ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. పిల్లలతో, నీళ్లకీ ఫొటోలకీ ఆగుతూ అంటే సగం కలపండి, ఐదు గంటలు పైమాటే.

వెనక్కి తిరిగే టైము బయల్దేరే ముందే ఖాయం చేసుకోండి. శిఖరం కళ్లెదుటే ఉన్నా సరే, ఆ టైముకి తిరగాల్సిందే. దారిలో అనుమానం వస్తే చెయ్యి చాచి, సూర్యుడి కిందినుంచి దిగంతం దాకా వేళ్లు అడ్డంగా పెట్టి చూడండి (సూర్యుణ్ణి నేరుగా చూడకండి). ఒక్కో వేలికి సుమారు పావుగంట వెలుగు. పడమట కొండ అడ్డముంటే లోయలో ఇంకా ముందే మసకేస్తుంది.

మనిషికో హెడ్‌ల్యాంప్ (తలకు కట్టుకునే లైటు) తప్పనిసరి. ఫోన్ టార్చి పట్టుకుంటే దిగేటప్పుడు ఒక చెయ్యి ఖాళీ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఊళ్లో ఒకరికి చెప్పి కదలండి.