కచ్చా చీటీ రాయమంటే...

ప్రశ్న: అయ్యగారూ, ప్రభువు నామంలో వందనాలు. బేగంబజారులో ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. జీఎస్టీ లేకుండా కచ్చా చీటీ మీదే సరుకు పంపమంటాడు సేటు. 'అందరూ చేసేదేగా, పిల్లల ఫీజులు ఎవరు కడతారు?' అంటుంది మా ఆవిడ. ఉద్యోగం మానెయ్యాలా?
- ఒక సోదరుడు, సికింద్రాబాద్

జవాబు: తమ్ముడూ, వందనాలు. వెంటనే మానెయ్యమని నేను చెప్పను. లూకా సువార్త 3వ అధ్యాయం తెరవండి. ఏం చేయాలని సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, అడిగితే, బాప్తిస్మమిచ్చు యోహాను పని వదిలెయ్యమనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, అంతే. మీరూ గల్లా దగ్గరే ఉండండి, దొంగరాత మాత్రం మీ చేత్తో రాయకండి.

బబులోను చెరలో ఉన్న దానియేలు, అపవిత్రమని రాజుగారి భోజనం వద్దనుకున్నప్పుడు గొడవకు దిగలేదు. పది రోజులు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడమని వినయంగా అడిగాడు. గిరాకీ లేని వేళ చూసి మీరూ అలాగే అడగండి: "సేట్ గారూ, పక్కా బిల్లయితే ఎంత రాత్రయినా కూర్చుని రాస్తా. కచ్చాది నావల్ల కాదు."

ఆయన ఒప్పుకోకపోవచ్చు. వేరే పని వెతుక్కోవాల్సి రావచ్చు, అది కష్టమే. అందుకే ముందు మీ ఆవిడతో కూర్చుని ఫీజుల లెక్క చూసుకోండి. ఆమె భయాన్ని అవిశ్వాసం అనకండి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ వెళ్లి మీ పాస్టరుగారికి సంగతంతా చెప్పండి. సంఘంలో వ్యాపారాలు చేసేవాళ్లుంటే, నమ్మకమైన గుమాస్తా వాళ్లకూ అవసరమే.