లెక్కపెట్టించకండి, పక్కన కూర్చుని మీరే ఊపిరి వదలండి

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. అల్జీమర్స్ అని రెండేళ్ల కిందట చెప్పారు. పొద్దు వాలితే చాలు, సొంతింట్లోనే ఉండి 'మా ఇంటికి పోవాల' అంటూ వాకిట్లోకి వస్తుంది. చేతులు వణుకుతాయి, రొప్పుతుంది. ప్రాణాయామంతో టెన్షన్ తగ్గుతుందన్నారు. నాలుగు లెక్కపెట్టి గాలి పీల్చమంటే నన్నే కసురుకుంటోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మగారు కసురుకోవడంలో తప్పు లేదు. పీల్చాలి, ఆపాలి, లెక్క గుర్తుంచుకోవాలి. ఇన్ని పనులు ఒకేసారి చేయడమే ఈ జబ్బులో కష్టం. చేతకావడం లేదని తెలిసినకొద్దీ గాభరా పెరుగుతుంది.

అందుకే నేర్పించడం మానేయండి. ఎదురుగా నిలబడకుండా పక్కనే కూర్చోండి, చెయ్యి పట్టుకోండి. ముక్కుతో గాలి పీల్చి, నోటితో ఆమెకు వినపడేలా మెల్లగా వదలండి. మాటలొద్దు. కాసేపటికి ఆమె కూడా మీలాగే వదలడం మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టకపోయినా నష్టం లేదు, ముందు మీ కంగారు తగ్గుతుంది. అది ఆమెకు తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది కాబట్టి, పీల్చడం కన్నా వదలడం నిదానంగా సాగాలి.

ఇంకో ఉపాయం: గోరువెచ్చటి పాలు చేతికిచ్చి 'ఊదుకుని తాగమ్మా' అనండి. ఊదడమంటే ఊపిరి వదలడమే కదా.

కొత్త విషయాలు మరిచిపోయినా చిన్నప్పటి పాటలు, నామాలు చాలాకాలం నిలుస్తాయి. మన తిరుపతి వైపు వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. అలిపిరి మెట్లెక్కుతూ అన్నట్టే 'గోవిందా... గోవింద' అని మీరు సాగదీసి అనండి, అమ్మగారు అందుకుంటారు. చివర సాగేదంతా వదిలే ఊపిరే. ఇది భక్తి సలహా కాదు, ఊపిరి నిదానంగా వదిలించే ఉపాయమే. ఆమెకు ఇష్టమైన పాట ఇంకేదైనా ఉంటే అదీ పనిచేస్తుంది.

ఊపిరి బిగబట్టించడం, కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ గాలిని వేగంగా బయటికి వదిలే పద్ధతి) వద్దు. బీపీ, గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లకు అసలే వద్దు. తల తిరిగితే ఆపేయండి. ఇవేవీ మతిమరుపును తగ్గించవు, ఆ సాయంత్రాన్ని కాస్త తేలిక చేస్తాయి, అంతే.

చీకటి పడకముందే లైట్లు వేయండి, టీవీ ఆపండి. సాయంత్రం కాఫీ మానిపించండి. 'ఇదే మన ఇల్లు' అని వాదించకండి. 'ఆ ఇంట్లో బావి ఉండేదా అమ్మా?' అని అడగండి.

ఒక్క విషయంలో ఆలస్యం చేయొద్దు. ఈ గాభరా రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా పెరిగి ఉంటే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి. కూర్చున్నప్పుడూ ఆయాసం ఉంటే గుండె, ఊపిరితిత్తులు పరీక్ష చేయించాలి, దాన్ని టెన్షన్ అనుకుని వదిలేయకండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం ఇవ్వొద్దు. వాటితో అయోమయం పెరుగుతుంది, రాత్రి బాత్రూంకి లేచి పడిపోతారు.