ఎలా దిగుతారో ముందు చెప్పు

ఉదయగిరి

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీస్సులు.

బెంగళూరు వైపున్న సావనదుర్గ బండ మీద బోల్టులు కొట్టిన మల్టీపిచ్ రూట్ (పిచ్‌లనే అంచెలుగా, ఒక్కో అంచె చివర ఆగుతూ తాడుతో ఎక్కే దారి) ఎక్కాలని నువ్వూ రమ్యా అనుకుంటున్నారని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. కొంచెం టెన్షన్ కూడా పడ్డాను. నువ్వు ఎక్కగలవనడంలో నాకు అనుమానం లేదు. కానీ ఎలా దిగుతారో ఆ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు తల్లీ.

పై దాకా వెళ్తే వెనకవైపు నడిచి దిగే బాట ఉందిగా అంటావు. ఉంది. మరి మూడో పిచ్‌లో చినుకు మొదలైతే? రమ్యకు మణికట్టు బెణికితే? బాట ఎక్కడో పైన ఉంటుంది, మీరిద్దరూ బండ మధ్యలో ఉంటారు. అప్పుడు రాపెల్ చేస్తూ, అంటే తాడుకు వేలాడుతూ జారి, దిగాల్సిందే. మీ దగ్గరున్న 60 మీటర్ల తాడును రెండు పేటలు చేస్తే 30 మీటర్లే అందుతుంది. పిచ్ 45 మీటర్లుంటే కింది యాంకర్‌కు (పిచ్ చివర ఆగి తగిలించుకునే బోల్టుల జతకు) 15 మీటర్ల పైన వేలాడతారు. అందుకే బయలుదేరే ముందు ప్రతి పిచ్ పొడవూ కాగితం మీద రాసుకో. 30 దాటిన పిచ్ ఒక్కటున్నా రెండో తాడు తీసుకెళ్ళాలి. బరువని వదిలేయొద్దు.

ఎక్కడం గురించి రెండు మూడు మాటలు చాలు. అక్కడ ఎక్కువగా వాలు బండలు. చేతులతో లాక్కోవాలని చూడకు, మడమ దించి పాదం మీద నిలబడు. బోల్టుకూ బోల్టుకూ ఎడం ఎక్కువుంటుంది, జారితే తోలు లేచిపోతుంది. యాంకర్ దగ్గర రెండు బోల్టులకూ బరువు సమానంగా పడేలా స్లింగ్ (గట్టి గుడ్డ పట్టీ) కట్టు. తుప్పు పట్టినా, వేలితో తిప్పితే తిరిగినా ఆ బోల్టును నమ్మొద్దు. యాంకర్ నుంచి లీడ్‌కు, అంటే ముందుగా ఎక్కడానికి, కదిలిన మనిషి వీలైనంత త్వరగా మొదటి బోల్టుకు తాడు తగిలించాలి. అది తగిలించకముందే జారితే బిలే చేసేవాళ్ళను (తాడు పట్టి కాసేవాళ్ళను) దాటి కిందికి పడుతుంది, ఆ దెబ్బంతా నేరుగా యాంకర్ మీదే పడుతుంది. గాలికి మాట వినపడదు, కాబట్టి ఏ కేక దేనికో కిందే అనుకోండి. కేకతో పాటు పేరు కూడా పిలవండి. పక్క రూట్‌లో ఎవరో "ఆఫ్ బిలే" (ఇక తాడు కాయక్కర్లేదు) అంటే నీకే అన్నారనుకునే ప్రమాదం ఉంది.

ఇక దిగడం. ఇది మాత్రం నిదానంగా, రెండుసార్లు చదువు.

యాంకర్ దగ్గరికి రాగానే ముందు నీ సొంత స్లింగ్‌ను లాక్ కారబైనర్‌తో (లాక్ పడే ఇనప కొక్కెంతో) తగిలించుకో. ఆ తరవాతే తాడు విప్పు. విప్పిన తాడు చెయ్యి జారి కిందికి పోకుండా దాని ఒక మడతను హార్నెస్‌కు (నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీలకు) కట్టి ఉంచు. తాడును ఇనప రింగుల్లోంచి దూర్చాలి. ఎవరో వదిలేసిన పాత స్లింగ్‌లోంచి వద్దు, ఎండకు వెలిసిన గుడ్డ ఎంత బలహీనపడిందో కంటితో చూసి చెప్పలేం. రెండు తాళ్ళు కలుపుతుంటే ముడి దాటి కనీసం 30 సెంటీమీటర్ల తోకలు వదిలి, బిగించి లాగు. ఏ రంగు తాడు లాగితే కిందికొస్తుందో ఇద్దరూ పైకి చెప్పుకోండి. ముడి ఉన్న వైపుదే లాగాలి, రెండోది లాగితే ముడి రింగుకు అడ్డం పడుతుంది.

తాళ్ళ చివర్లలో దేనికది విడిగా ముడి వెయ్యి. ఈ ఒక్కటీ మర్చిపోయి తాడు చివరలోంచి జారిపోయినవాళ్ళు అనుభవజ్ఞుల్లోనూ ఉన్నారు. రాపెల్ పరికరం రెండు తాళ్ళ మీదా పెట్టి, దాని కింద ప్రూసిక్ ముడి (బరువు పడితే తాడును బిగించి పట్టే సన్నతాడు ముడి) వేసి హార్నెస్‌కు తగిలించు. ప్రూసిక్ పరికరానికి తగలనంత పొట్టిగా ఉండాలి. అప్పుడు, నీ స్లింగ్ ఇంకా యాంకర్‌కే ఉండగా, పరికరం మీద పూర్తిగా కూర్చో. బరువు పట్టిందా, ప్రూసిక్ బిగిసిందా, కారబైనర్ లాక్ అయ్యిందా, రమ్య కూడా చూసి సరేనన్నాకే స్లింగ్ తియ్యి. ఒకటి వదిలే ముందు రెండోది నీ బరువు మోస్తూ ఉండాలి. అలసిపోయి, ఆకలి మీద, చీకటి పడుతుంటే చేతులు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే.

ముందు దిగిన మనిషి యాంకర్‌కు తగిలించుకున్నాక తాడును ఒక అడుగు లాగి చూడాలి, కదలకపోతే పైన ఉన్నవాళ్ళు సరిచేస్తారు. రెండో మనిషి దిగుతున్నంతసేపూ కింద తాళ్ళు పట్టుకునే ఉండాలి, పైన చెయ్యి జారితే గట్టిగా లాగి ఆపొచ్చు. తాడు లాగే ముందు చివరి ముడులు విప్పడం, లాగే తాడును ఆ యాంకర్‌కు కట్టి ఉంచడం మర్చిపోవద్దు. ముడి విప్పకుండా లాగితే అది పైకి పోయి రింగుల్లో ఇరుక్కుంటుంది.

తేనెతుట్టెలున్న రూట్ జోలికి పోకండి. కొండ తేనెటీగలు మీద పడితే తాడుకు వేలాడేవాళ్ళకు పారిపోయే దారి ఉండదు. మన తీరానికి తుపాను హెచ్చరిక వచ్చిందంటే అటు బెంగళూరు వైపు కూడా ముసురు పట్టే అవకాశం ఉంది. తడిసిన వాలు బండ మీద బూటు నిలవదు, ట్రిప్పు వాయిదా వెయ్యండి. తలకు పెట్టుకునే లైట్ ఇద్దరి దగ్గరా ఉండాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా సరే ఆగి, మిగిలిన పిచ్‌లు, మిగిలిన వెలుగు లెక్క చూసుకోండి. చాలదనిపిస్తే అక్కడి నుంచే దిగండి.

వచ్చే ఆదివారం ఇద్దరూ ఇక్కడికి రండి. వరండా స్తంభానికి తాడు కట్టి, నేల మీదే నిలబడి, యాంకర్ దగ్గర చేసే ఈ పనులన్నీ కళ్ళు మూసుకుని చేయిస్తాను. రెండో తాడు నేను తెప్పిస్తాను, మీ పిచ్‌ల కాగితం తీసుకురా.

మీ పెదనాన్న