కడగాల్సింది టబ్బును కాదు, దాని గొట్టాలను

నీళ్లు మార్చి, హాట్ టబ్‌ను (వేడినీళ్లు తిరిగే స్నానపు తొట్టిని) తళతళలాడేలా తోమి నింపినా మూడో రోజుకే నురగ, ముక్కిన వాసన వస్తున్నాయని, ఏ మందు ఎంత వాడాలో చెప్పమని అడిగారు. మందు సంగతి తర్వాత. మీరు తోముతున్న చోట మురికి లేదు.

ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో ఒక చిన్న అతిథిగృహం బాధ్యత నాది. మేడ మీద 1200 లీటర్ల హాట్ టబ్ ఉంది. మొదటి ఏడాది దసరా సెలవులకు కోల్‌కతా నుంచి ఒక కుటుంబం వస్తోందంటే, పూటంతా వంగి టబ్బు తోమాను. కొత్త నీళ్లు నింపి, గర్వంగా జెట్‌లు (నీళ్లు చిమ్మే రంధ్రాలు) తిప్పాను. రెండు నిమిషాల్లో ప్రతి రంధ్రం నుంచీ గోధుమరంగు పేలికలు, అచ్చం పిసికిన చింతపండు పిప్పిలా, పైకి తేలాయి. బరంపురం నుంచి ప్లంబింగ్ మేస్త్రీని పిలిపిస్తే, ఆయన టబ్బు వైపు చూడనైనా చూడలేదు. పక్క పలక విప్పి గొట్టాలు చూపించి, "చర్మం రుద్దితే ఏం లాభం బాబూ, జబ్బు పేగుల్లో ఉంటే!" అన్నాడు. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

మన చెమట, నూనె, చర్మపు పొట్టు ఆ గొట్టాల్లో చేరి జిగురు పొర కడతాయి. క్లోరిన్ ఆ పొర పైపైన తగలడమే గాని లోపలికి దిగదు. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు తెచ్చే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అక్కడే కాపురముంటుంది. లెజియోనెల్లా అనే మరో బ్యాక్టీరియా అయితే 25 నుంచి 45 డిగ్రీల వేడిలో పెరుగుతుంది. మన టబ్బు వేడి 38, 40. దానికి ఇంతకంటే అత్తవారింటి మర్యాద ఎక్కడ దొరుకుతుంది? జెట్‌ల తుంపరతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా తెస్తుంది.

కాబట్టి శుభ్రం చేయడం పాత నీళ్లు ఉండగానే మొదలుపెట్టాలి. ముందురోజు సాయంత్రం ఫిల్టర్ తీసేసి, గొట్టాలు శుభ్రపరిచే ద్రావణాన్ని డబ్బా మీద రాసిన కొలత ప్రకారం పోసి, జెట్‌లన్నీ తెరిచి అరగంట తిప్పుతాను. రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ తిప్పుతాను. అంచున చేరిన తెట్టును పాత బట్టతో తీస్తూ పోవాలి. తెట్టు ఇంకా వస్తూనే ఉంటే మరోసారి. ఆ తర్వాతే నీళ్లు వదలాలి, అదీ టబ్బుకు కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపాకే. నీళ్లు లేకుండా హీటర్ నడిస్తే కాలిపోతుంది.

టబ్బు లోపలి తెల్లటి ఉప్పు మరకలకు నీళ్లు కలిపిన వెనిగర్, మెత్తటి బట్ట చాలు. వెనిగర్‌ను పూర్తిగా కడిగేశాకే బ్లీచ్ ముట్టుకోండి. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. గిన్నెల సబ్బు వద్దు. మీ నురగలో సగం దానిదే కావచ్చు. మిగతా సగం ఈత బట్టల్లో మిగిలిన డిటర్జెంట్‌ది. ఫిల్టర్‌ను జిడ్డు తీసే ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, మడత మడతకూ పైపు పట్టి కడగాలి. జిడ్డు పోకముందే యాసిడ్ పెడితే ఆ జిడ్డు అక్కడే బిగుసుకుంటుంది. ఒక ఫిల్టర్ పాడు చేసుకున్నాక నేర్చుకున్నాను.

నింపేటప్పుడు పైపును ఫిల్టర్ గుంటలో పెట్టండి, మోటారులో గాలి చిక్కదు. మా బోరు నీళ్లు ఉప్పన, అందుకే ట్యాంకర్ తెప్పిస్తాను. ముందు ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) 80–120 పీపీఎంకు (పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లు), ఆ తర్వాత పులుపు-క్షారాల కొలత పీహెచ్ 7.2–7.8కి తెచ్చి, చివర క్లోరిన్. క్లోరిన్ ఇచ్చే 56 శాతం డైక్లోర్ గుళికలు 20 గ్రాములు వేస్తే 1200 లీటర్లలో దాదాపు 9 పీపీఎం వస్తుంది. మూత తీసి అరగంట జెట్‌లు తిప్పాలి. మర్నాడు క్లోరిన్ 5 పీపీఎంకు తగ్గాకే మనుషులను దింపుతాను, 3 కంటే తగ్గనివ్వను. కిరాణా కొట్టు బ్లీచింగ్ పౌడర్ వేస్తే అడుగున సున్నం పేరుకుంటుంది. పైగా దాన్ని డైక్లోర్‌తో ఒకే డబ్బాలో కలిపితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. కొలిచే చెంచాలు కూడా వేరుగా ఉంచండి.

"తప్తపానిలో ఊరంతా స్నానం చేస్తుంది కదా, మీకెందుకండీ ఇంత హడావిడి?" అని ఒక అతిథి అడిగారు. తప్తపాని మా జిల్లాలోనే ఉన్న, ఊరుతూ పారిపోయే గంధకపు వేడినీటి ఊట. మన టబ్బులో తిరిగిన నీళ్లే మళ్లీ మళ్లీ తిరుగుతాయి. అందుకే ఎన్నాళ్లకు మార్చాలన్నది మనుషుల లెక్క. లీటర్లను 11.4తో, వచ్చిన దాన్ని రోజుకు దిగేవారి సంఖ్యతో భాగించండి. 1200 లీటర్లకు రోజూ నలుగురైతే 26 రోజులు. మూడు నెలలకోసారి మార్చితే చాలన్న మాట రోజుకు ఒక్కరే దిగే ఇంటికి సరిపోతుందేమో గాని అతిథిగృహానికి కాదు.

పాత నీళ్లను మొక్కలకు వదలకండి. మొదటిసారి గోడ పక్కన పారబోశాను. మొగలి పూల అత్తరుకు పేరుపడ్డ గంజాం జిల్లాలో మొగలి పొదనే మాడ్చిన ఘనత నాది. ఇప్పుడు మురుగు కాలువలోకే వదులుతున్నాను. ఆ పొద మాత్రం ఇంకా చిగురించలేదు.