పనివాళ్లే యజమానులైతే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం పన్నెండుమందిమి కలిసి ఒక వర్క్‌షాప్ పెట్టుకోవాలనుకుంటున్నాం. అందరం సమాన యజమానులుగా ఉండాలని కోరిక. ఒకరిద్దరు ఎక్కువ డబ్బు పెట్టగలరు, కొందరి దగ్గర ఏమీ లేదు. ఎలా కుదురుతుంది?

జవాబు: ఓటును డబ్బుతో ముడిపెట్టకపోతే కుదురుతుంది. మామూలు కంపెనీలో వాటా కొన్నవాడికి ఓటు, లాభంలో భాగం, ఆస్తి విలువలో భాగం మూడూ కలిసే వస్తాయి. కార్మిక సహకార సంస్థలో వాటిని విడదీస్తారు. ఓటు మనిషికి ఒక్కటే. ఖర్చులు పోగా తేలే మిగులును పనిచేసిన గంటలనుబట్టి పంచుతారు. పెట్టిన సొమ్ము ఎవరిది వాళ్ల పేరున మూలధన ఖాతాలో ఉంటుంది. దాని మీద పరిమితమైన వడ్డీ వస్తుంది, పెత్తనం మాత్రం రాదు.

సభ్యత్వ రుసుము అందరికీ ఒకటే పెట్టండి. చేతిలో లేనివాళ్ల దగ్గర రెండు మూడేళ్లపాటు నెలనెలా జీతంలోంచి పట్టుకోండి. మాఫీ మాత్రం చేయొద్దు. సొంత సొమ్ము లేని సంస్థకు అప్పు పుట్టడం కష్టం, నష్టం వస్తే తట్టుకునే దన్నూ ఉండదు. ఎక్కువ పెట్టగలవాళ్ల అదనపు సొమ్మును గడువు, వడ్డీ కాగితం మీద రాసుకుని అప్పుగానే తీసుకోండి.

పంపకం లెక్క ఇలా ఉంటుంది. ఏడాది మిగులు 100 అనుకోండి. అందులో 30 ఎవరికీ పంచని రిజర్వుకు, 10 శిక్షణకు తీస్తే 60 మిగులుతుంది. అందరూ కలిసి 12,000 గంటలు పనిచేశారనుకుంటే, 2,000 గంటలు చేసినవారికి 10, 1,000 గంటలు చేసినవారికి 5 వస్తాయి. చాలా సంస్థలు దెబ్బతినేది ఇక్కడే: ఆ 60ని వెంటనే నగదుగా ఇచ్చేస్తారు, మరుసటి ఏడాది యంత్రానికి అప్పు వెతుక్కుంటారు. కొంత చేతికిచ్చి, మిగతాది సభ్యుల మూలధన ఖాతాల్లో జమ చేయండి. పాత జమలను నాలుగైదేళ్లకు వరసగా తిరిగి చెల్లించండి.

నష్టం వస్తే ఎవరి ఖాతాలోంచి ఎంత తగ్గించాలో కూడా బైలాల్లో, అంటే సంస్థ నియమావళిలో, మొదటిరోజే రాయండి. మిగులు పంపకం అందరూ రాస్తారు, ఇది రాయరు. వెళ్లిపోయే సభ్యుడి సొమ్ము వాయిదాల్లో ఇస్తామనీ రాసుకోవాలి. లేకపోతే ఒకేసారి నలుగురు మానేస్తే సంస్థ నిలవదు.

ప్రశ్న: యజమాని లేకపోతే నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? ప్రతిదానికీ మీటింగేనా?

జవాబు: కాదు. బైలాల మార్పు, కొత్త సభ్యుల చేరిక, మిగులు పంపకం, ఆస్తి అమ్మకం సర్వసభ్య సమావేశానివి. బడ్జెట్, మేనేజర్ నియామకం ఎన్నికైన పాలకవర్గానివి. ఆర్డర్లు, షిఫ్టులు, రోజువారీ కొనుగోళ్లు మేనేజర్‌వి. షిఫ్టు గురించి ఓటింగ్ పెట్టిన చోట పని ఆగుతుంది. ఆస్తి అమ్మకాన్ని మేనేజర్‌కు వదిలేసిన చోట సంస్థే పోతుంది. ఒక్క షరతు మాత్రం తప్పదు: నెలవారీ లెక్కలు ప్రతి సభ్యుడూ చదవగలగాలి, అందుకే పైన శిక్షణకు ప్రత్యేకంగా సొమ్ము తీయమన్నాం.

ప్రశ్న: ఇది కార్పొరేట్ కంపెనీలకు నిజంగా ప్రత్యామ్నాయమా? పెద్దదైతే ఇదీ అలాగే మారిపోదా?

జవాబు: ప్రత్యామ్నాయమేనని మా గట్టి నమ్మకం. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో మొండ్రగాన్ 1956లో ఒక చిన్న కర్మాగారంగా మొదలై, వేలాది సభ్యులున్న సంస్థల సమూహమైంది. 1959లో వాళ్లు సొంత బ్యాంకు పెట్టుకోవడం అందుకు పెద్ద కారణం. ఓటు అమ్మి పెట్టుబడి తెచ్చుకునే వీలు సహకార సంస్థకు లేదు, కాబట్టి అప్పిచ్చే చోటు దానికి ప్రాణావసరం. 2013లో ఆ సమూహంలోని గృహోపకరణాల సంస్థ ఫాగోర్ దివాలా తీసింది. చాలామంది సభ్యులకు తోటి సంస్థల్లో పని దొరికింది, కానీ ఫాగోర్‌లో పెట్టుకున్న పొదుపు పోయింది. సమూహం ఉద్యోగాన్ని కాపాడగలదు, పెట్టుబడికి పూచీ ఇవ్వలేదు. కాబట్టి కుటుంబం కూడబెట్టిందంతా ఒకే సంస్థలో పెట్టొద్దు.

మారిపోవడం గురించి మీ భయం నిజమే, సంస్థ అలా మారిపోయే దారులు రెండున్నాయి. మొదటిది, వాటా ధర పెరగనివ్వడం. అమెరికా వాయవ్య ప్రాంతంలో కార్మికులే నడిపిన ప్లైవుడ్ సహకార సంస్థలు కొన్నింటిలో వాటా విలువ ఎంత పెరిగిందంటే, కొత్త కార్మికుడు కొనలేకపోయాడు. రిటైరయ్యేవాళ్లకు మొత్తం సంస్థను బయటి కంపెనీకి అమ్మడమే లాభంగా కనిపించింది. రెండోది, సభ్యులు కానివాళ్లను కూలికి పెట్టుకుంటూ పోవడం. మొండ్రగాన్ విదేశీ శాఖల్లోనూ చాలామంది సభ్యులు కారు, విమర్శకులు వేలెత్తి చూపేది దాన్నే.

బైలాల్లో ఇవి పెట్టండి: సభ్యత్వ రుసుము మార్కెట్ ధరతో పెరగదు, ఏడాది పరీక్షాకాలం దాటిన కార్మికుడిని సభ్యుడిగా తీసుకోవాలి, లేదా కారణం రాతపూర్వకంగా చెప్పాలి, సంస్థ మూతబడితే అప్పులు, సభ్యుల ఖాతాలు తీరాక మిగిలిన రిజర్వు ఎవరికీ పంచకుండా మరో సహకార సంస్థకు వెళ్లాలి. ఈ చివరి నియమం ఉంటే లాభం కోసం సంస్థను అమ్మాలన్న ఆశ చాలావరకు చచ్చిపోతుంది. మీ చట్టం అనుమతిస్తే దాన్ని సాధారణ మెజారిటీతో మార్చలేని నియమంగా రాయించండి. సంస్థ బాగా సంపాదించడం మొదలయ్యాక ఆ నియమానికి ఓట్లు పడవు, కాబట్టి రిజిస్ట్రేషన్‌కు ముందే ఆ పని చేయండి.