నేను తెల్లదాన్ని కాదు కదా మేడమ్!

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఆస్ట్రేలియాలోనే మాస్టర్స్ చేసి, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక గనుల ఊళ్లో ప్రొవిజనల్ సైకాలజిస్ట్‌గా (పూర్తి గుర్తింపు వచ్చేదాకా సూపర్‌వైజర్ కింద) పని చేస్తున్నాను. మావారు గనుల కంపెనీలోనే ఇంజినీరు. స్కూలువాళ్లు పంపితే పదమూడేళ్ల అబోరిజినల్ (ఇక్కడి ఆదివాసీ) అబ్బాయి వాళ్ల అమ్మమ్మతో వచ్చాడు. అడిగినదానికల్లా 'యా' అన్నాడు, నా మొహం చూడలేదు. 'సహకరించాడు, కళ్లలోకి చూడడు, ఉద్వేగాలు తక్కువ' అని రాశాను. రెండో అపాయింట్‌మెంటుకి రాలేదు. నా సూపర్‌వైజర్ అది చదివి, 'కల్చరల్ సేఫ్టీ దృష్టితో నీ గురించి నాలుగు పేజీలు రాసుకుని రా' అన్నారు. నా గురించి ఏం రాయాలి? వీళ్లను హింసించింది తెల్లవాళ్లు. మనమూ వాళ్ల కింద నలిగినవాళ్లమే. నా రంగూ వాళ్ల రంగే. పెద్దలంటే గౌరవం, ఉమ్మడి కుటుంబం, అన్నీ మనలాగే. నేను తెల్లదాన్ని కాదు కదా మేడమ్!
– ఒక పాఠకురాలు

జవాబు: నాలుగు పేజీలకి సరిపడా సరుకు మీ ఉత్తరంలోనే ఉందమ్మా. ఏం రాయాలని అడుగుతూనే సగం రాసేశారు.

ముందు ఆ అమ్మమ్మ సంగతి చూద్దాం. మనవడి గురించి స్కూలువాళ్లు ఎవరికో కాగితం రాశారు. ఒక ఆఫీసుకి రమ్మన్నారు. అక్కడ మెడలో ఐడీ కార్డు వేసుకున్న కొత్త మనిషి పిల్లాణ్ణి ప్రశ్నలడుగుతూ ఏదో టైపు చేసుకుంటోంది. మీకది మొదటి సెషన్. ఇలాంటి కాగితాల వల్ల తన వాళ్లకి ఏం జరిగిందో ఆవిడ చిన్నప్పటినుంచీ వింటూనే ఉండి ఉంటుంది. మీరుంటున్న రాష్ట్రంలో 1905లో చేసిన చట్టం ప్రకారం, పదహారేళ్లలోపు ప్రతి అబోరిజినల్ బిడ్డకీ సంరక్షకుడు తల్లీ కాదు, తండ్రీ కాదు, చీఫ్ ప్రొటెక్టర్ అనే ప్రభుత్వ అధికారి. 1915 నుంచి 1940 దాకా ఆ పదవిలో ఉన్న ఎ.ఓ. నెవిల్ హయాంలో ఎందరో పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయి మూర్ రివర్ లాంటి సర్కారు సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఈ తంతు దేశంలో 1970ల దాకా సాగింది. ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న, అంటే మొన్న మొన్ననే. ఇవాళ్టికీ ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లే పిల్లల్లో వీళ్ల సంఖ్య జనాభాలో వాళ్ల వాటాకి ఎన్నో రెట్లు. మీరు రాసే ఒక్క వాక్యం రేపు సంక్షేమ శాఖ ఫైల్లోకి వెళ్లగలదు. ఈ సంగతి మీకంటే ఆవిడకి బాగా తెలుసు.

ఇక మన సైకాలజిస్టుల చేతులేమీ శుభ్రంగా లేవు. 1929లో స్టాన్లీ పోర్టియస్ అనే సైకాలజిస్టు కింబర్లీ, మధ్య ఆస్ట్రేలియా ప్రాంతాలకి వెళ్లి, అక్కడివాళ్లకి తన చిక్కుదారుల పరీక్ష పెట్టి, జాతుల తెలివిని తూకం వేశాడు. కాగితం మీద గీసిన దారిలో పెన్సిలు తిప్పడం రానివాళ్లకి బుర్ర తక్కువట! ఎడారిలో నీటి గుంట ఎక్కడుందో ఆయనకి చెప్పగలిగిందీ వాళ్లే. 2016లో ఆస్ట్రేలియన్ సైకలాజికల్ సొసైటీ అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులకి అధికారికంగా క్షమాపణ చెప్పింది. వాళ్ల నమ్మకాలకి చోటివ్వని రోగ నిర్ధారణ పద్ధతులు, వాళ్లకి నప్పని పరీక్షలు, వాళ్ల బతుకులకి కాక పరిశోధకుల కెరీర్లకే పనికొచ్చిన పరిశోధనలు, అన్నీ అందులో ఒప్పుకుంది. మీ డిగ్రీతోపాటు ఆ ఖాతా కూడా మీకు వచ్చింది. మీ రంగు ఏదైనా సరే.

కల్చరల్ సేఫ్టీ అంటే వాళ్ల ఆచారాలు బట్టీ పట్టడం అనుకుంటారు మనవాళ్లు. చిన్నప్పటినుంచీ పరీక్షల కోసం చదివిన అలవాటు మరి. ఈ ఆలోచన పుట్టింది న్యూజిలాండ్ నర్సింగ్‌లో. 1988లో క్రైస్ట్‌చర్చ్‌లో జరిగిన ఒక సమావేశంలో ఒక మావోరీ (అక్కడి ఆదివాసీ) నర్సింగ్ విద్యార్థి లేచి, చట్టపరమైన సేఫ్టీ, నైతికమైన సేఫ్టీ అని ఇన్ని చెప్తున్నారు, మరి మా సంస్కృతికి సేఫ్టీ ఏదని అడిగింది. ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు ఆ ప్రశ్నని వదల్లేదు. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని చదువులో భాగం చేసేదాకా తీసుకొచ్చింది. ఆవిడ వాదన సూటిగా ఉంటుంది: నర్సు ముందు తెలుసుకోవాల్సింది మావోరీల గురించి కాదు, తన గురించి. తన అధికారం, తన అభిప్రాయాలు, తను పెరిగిన తీరు. అక్కడ సేఫ్‌గా ఉందో లేదో చెప్పాల్సింది సేవ పొందిన మనిషి. ఆస్ట్రేలియా వైద్య నియంత్రణ సంస్థలు ఇప్పుడు వాడే నిర్వచనంలోనూ ఈ రెండే కీలకం. 2025 డిసెంబరు 1 నుంచి సైకాలజిస్టులకి వచ్చిన కొత్త ప్రమాణాల్లో కూడా ఇది ఉంది, కాబట్టి మీ సూపర్‌వైజర్ చాదస్తం కాదది. మీరు సేఫా కాదా అన్నదానికి ఆ ఇంటివాళ్ల జవాబు మీకు వచ్చేసింది కూడా. రెండోసారి రాలేదు.

ఇప్పుడు 'మనమూ నలిగినవాళ్లమే' అన్న మాట. నిజమే. కానీ 'మనం' అంటే ఎవరం? మా నాన్నగారు భద్రాచలం ఏజెన్సీలో టీచరు. సంతకి కోయవాళ్లు ఇప్పపువ్వు, చింతపండు, చీపుళ్లు తెచ్చేవారు. కాటా మాత్రం షావుకారుది. డెబ్భై ఏళ్ల కోయ పెద్దాయన్ని షావుకారు కొడుకు, ఇరవై ఏళ్లవాడు, 'ఒరే' అనేవాడు. ఆయన వీణ్ణి 'దొరా' అనేవాడు. మా ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకూడదన్న 1/70 చట్టం ఉన్నా ఎవరి భూమి ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ తెలుసు. పెర్త్‌లో నాకూ ఇలాగే నాలుగు పేజీలు రాయమన్నప్పుడు, నా మొదటి పేజీ ఆ కాటా గురించే.

మీది గుంటూరు జిల్లా అన్నారు. స్టువర్టుపురం మీకేం దూరం కాదు. ఎరుకలవాళ్లని పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి, బ్రిటిష్‌వాళ్లు సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిన సెటిల్‌మెంటు అది. ఆ క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. మరి మీ ఇంట్లో ఆ ఊరి పేరు ఏ సందర్భంలో వినపడేది? ఎవరిని తిట్టడానికి? రాయండి. పొలం ఉంటే అది ఎలా వచ్చిందో, పనివాళ్లు ఏ గుమ్మం దగ్గర ఆగేవారో, ఏ గ్లాసులో కాఫీ తాగేవారో రాయండి. ముందు రాసుకునేది ఎవరికీ చూపించక్కర్లేదు, కావాలంటే తెలుగులోనే రాసుకోండి. అందులోంచి సూపర్‌వైజర్‌కి ఏం ఇవ్వాలో తర్వాత చూసుకోవచ్చు.

మీవారి ఉద్యోగం కూడా ఆ పేజీల్లోకి రావాలి. తప్పని కాదు, పెర్త్ తెలుగువాళ్లలో చాలామంది ఇళ్ల ఈఎంఐలు ఆ గనుల మట్టిలోంచే వస్తున్నాయి. కానీ అబోరిజినల్ సైకాలజిస్టులు గీసిన మానసిక ఆరోగ్య చిత్రంలో ఏడు అంశాలుంటాయి. శరీరం, మనసు, కుటుంబం, సమాజం, సంస్కృతి, పూర్వీకులు ఆరైతే, ఏడోది వాళ్ల నేల. 2020 మేలో మీ రాష్ట్రంలోనే పిల్బరా ప్రాంతంలోని జూకన్ గార్జ్‌లో ఇనుప ఖనిజం కోసం రాతి గుహలు పేల్చేశారు. 46,000 ఏళ్ల కిందట మనుషులు మసలిన చోటు అది. ఆ నేల తాలూకు పుటు కుంటి కుర్రమ, పినికుర జనానికి అది ఇంట్లో చావు లాంటిది. ఆ అమ్మమ్మ 'మీవారేం చేస్తారు?' అని అడిగితే మీరు ఏం చెప్తారో ముందే ఆలోచించుకోండి. చిన్న ఊరు, అడుగుతారు.

ఇక మీ రిపోర్టు. 'సహకరించాడు' అన్నది చూద్దాం. కోర్టుల్లో అబోరిజినల్ సాక్షుల మాటతీరుని పరిశీలించిన భాషాశాస్త్రవేత్త డయానా ఈడ్స్ ఎప్పుడో చెప్పారు, అధికారంలో ఉన్నవాళ్లు వరసగా ప్రశ్నలు వేస్తుంటే 'ఊ' అనడం ఒప్పుకోలు కాకపోవచ్చు, తొందరగా అయిపోతే చాలన్న ఆరాటం కావచ్చు. మనకి ఇంకో జబ్బు కూడా ఉంది. ప్రతి ప్రశ్నకీ చివర 'కదా' తగిలిస్తాం, ఇంగ్లీషులో మాట్లాడినా సరే. 'నిద్ర బాగానే పడుతోంది కదా?' అంటే పదమూడేళ్లవాడు 'యా' అనక ఏమంటాడు? 'రాత్రిళ్లు ఎలా గడుస్తున్నాయి?' అని అడిగి ఊరుకోండి. ఊరుకోవడమంటే నిజంగా ఊరుకోవడమే. అర నిమిషం మౌనం వస్తే మనం తట్టుకోలేం, ఇంకో ప్రశ్న పడేస్తాం. వాడు జవాబు కూర్చుకునేలోపే మీరు మూడో ప్రశ్నలో ఉండి ఉంటారు.

'కళ్లలోకి చూడడు' అని రాశారు. మీరు మీ మామగారి కళ్లలోకి సూటిగా చూస్తూ మాట్లాడతారా? చాలా అబోరిజినల్ సమాజాల్లో పెద్దవాళ్లని అలా తేరిపార చూడటం మర్యాద కాదు. అన్ని చోట్లా ఒకేలా ఉండదు, అందుకే మీ ఊరి సంగతి మీ ఊళ్లోనే అడగాలి. ఇక ఉద్వేగాలు తక్కువ అన్నది మీ గదిలో, మీ ఎదుట. బయట ఫుట్‌బాల్ ఆడుతున్నప్పుడు వాణ్ణి చూశారా? రెండోసారి రాకపోవడానికి దగ్గరివాళ్ల చావు కూడా కారణం కావచ్చు. 'సారీ బిజినెస్' అంటారు, బంధువులంతా వందల కిలోమీటర్లు వెళ్లి రోజుల తరబడి ఉంటారు. చాలాచోట్ల పోయినవాళ్ల పేరు కూడా పలకరు. మీ కంప్యూటర్లో మాత్రం అది 'నో షో'.

'మనలాగే' అన్న ధీమా కొంచెం తగ్గించండి. ఆంటీ, అంకుల్ అని పిలుస్తారు, బంధుత్వాలు కలుపుతారు, నిజమే. అక్కడ కొత్త మనిషిని 'మీదే ఊరు, ఎవరి తాలూకు?' అనే అడుగుతారు. మన పల్లెలో ఆ ప్రశ్న వెనక కులం ఆరా ఉంటుంది. వాళ్లు అడిగేది మీకూ తమకూ ఏ వరస కలుస్తుందో, మీరు ఎవరికి జవాబుదారో తెలుసుకోవడానికి. కాబట్టి ఊరి పేరు, అమ్మానాన్నల సంగతి, ఇక్కడికి ఎందుకొచ్చారో దాచకుండా చెప్పండి.

మీ సర్వీసులో అబోరిజినల్ హెల్త్ వర్కర్ ఉంటారు. ఆవిణ్ణి దుబాసీలా వాడుకోకుండా, ఏం చేద్దామని ముందే సలహా అడగండి. ఆవిడ ద్వారా అమ్మమ్మకి కబురు పెట్టి, ఎక్కడ కలిస్తే బాగుంటుందో అమ్మమ్మనే చెప్పమనండి. పార్కులో చెట్టు కింద అంటే అక్కడికే వెళ్లండి. లాప్‌టాప్ కారులో వదిలేయండి. ఎదురుగా కాక పక్కన కూర్చోండి. పశ్చిమ ఆస్ట్రేలియాలోనే రూపొందిన 'క్లినికల్ యార్నింగ్' పద్ధతిలో మొదటి మెట్టు ఊరికే కబుర్లు, సమస్య ఆ తర్వాతే. మీరు ఏం రాస్తారో, అది ఎవరు చదువుతారో, ఏ పరిస్థితుల్లో రహస్యంగా ఉంచలేరో ముందే చెప్పండి. పాత రిపోర్టుని అమ్మమ్మ ఎదుటే చదివి, ఇందులో ఏది సరిగ్గా లేదో అడగండి. అది చేయడానికి మీకు టెన్షన్‌గా ఉంటే, ఎందుకో అదే నాలుగో పేజీ.

ప్రశ్న: బ్రిస్బేన్‌లో మా ఆఫీసులో ప్రతి మీటింగూ 'ఈ నేల అసలు వారసులకి వందనం' అంటూ మొదలవుతుంది. మొక్కుబడిగా అనిపిస్తుంది. నేనూ చదవాలా?

జవాబు: మొక్కుబడిగా చదివితే మొక్కుబడే. కాగితం చూడకుండా ఆ నేల వారసులైన టుర్బల్, యగెరా జనాల పేర్లు సరిగ్గా పలకగలరేమో చూడండి. అంతవరకు చదవకపోయినా పర్వాలేదు.

ప్రశ్న: నేను ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో కౌన్సెలింగ్ చేస్తాను. గోండు, కోలాం పిల్లలు ఎక్కువ. ఈ ఆస్ట్రేలియా కబుర్లు మాకు పనికొస్తాయా?

జవాబు: నాకంటే మీకే ఎక్కువ పనికొస్తాయి. ఇంట్లో గోండీనో కొలామీయో మాట్లాడే పిల్ల హాస్టల్లో తెలుగులో మీకు సమాధానం చెప్తోంది. అది బిడియమా, భాష చాలకా అన్నది తేల్చకుండా ఏ చెక్‌లిస్టూ నింపకండి. తెలిసిన భాషలో సమాచారం పొందడం, సంస్కృతి, కులం పేరుతో వివక్ష లేని చికిత్స పొందడం 2017 మానసిక ఆరోగ్య చట్టమే ఇచ్చిన హక్కులు. గోండీ వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ మనిషి వార్డెన్ మాత్రం కాకుండా చూసుకోండి. ఇంకొక్కటి, పిల్ల తండ్రి వచ్చినప్పుడు ఆయనకి కుర్చీ వేయించి 'మీరు' అనండి. ఆఫీసులో ఎవరు నవ్వుతారో గమనించి, ఆ పేరు కూడా మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.