ముందు మీ అత్తయ్యగారి సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 44. మాది గోపాలపట్నం. ఏడాదిగా నెలసరి ఇరవై రోజులకే వస్తోంది. తొమ్మిది రోజులు ఉంటోంది, గడ్డలు పడుతున్నాయి. స్కానింగులో గర్భసంచి లోపొర 14 మిల్లీమీటర్లు ఉందని, బయటి గోడకు 2 సెంటీమీటర్ల కణితి ఉందని రాశారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదా, గర్భసంచి తీయించేసుకోమన్నారు. మా అక్క 36 ఏళ్లకే తీయించుకుంది. నాకేమో భయం. ఇంకో చిన్న మాట. మా అత్తయ్యగారికి 61. ముట్లుడిగి పదేళ్లయింది. సింహాచలం గిరిప్రదక్షిణ చేసి వచ్చాక కొద్దిగా రక్తపు మరక కనిపించింది, మరుసటి నెలలో మళ్లీ. వేడి చేసిందని మజ్జిగ తాగుతున్నారు. షుగరు ఉంది. ఏదైనా మందు చెబుతారా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరు చిన్న మాట అన్నదే మీ ఉత్తరంలో పెద్ద మాట. అందుకే దానికి ముందు జవాబిస్తున్నాను.

ముట్లు ఆగి ఏడాది నిండాక ఒక్క చుక్క కనిపించినా నేను దాన్ని వేడి ఖాతాలో వేయను. 32 కిలోమీటర్లు నడిస్తే పాదాలు బొబ్బలెక్కుతాయి, పిక్కలు పట్టేస్తాయి. గర్భసంచి నుంచి రక్తం రాదు. మజ్జిగ తాగనివ్వండి, కానీ ఈ వారంలోనే ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లండి. చూడకుండా మందు చెప్పడం నా వల్ల కాదు.

చాలామందిలో కారణం మామూలుదే: హార్మోన్లు తగ్గి లోపొర, యోని పొర పలచబడి చిట్లడం, లేదా లోపల పెరిగే చిన్న కండ, అంటే పాలిప్. అయితే ఇలా వచ్చేవారిలో సుమారు పదిమందిలో ఒకరికి లోపొర క్యాన్సర్ బయటపడుతుంది. షుగరు, అధిక బరువు ఉంటే ఆ అవకాశం ఇంకాస్త పెరుగుతుంది. తొలిదశలోనే రక్తం కనబడి హెచ్చరించే జబ్బు ఇది. అప్పుడే పట్టుకుంటే ఎక్కువమందికి ఆపరేషన్‌తో నయమవుతుంది.

డాక్టరు ముందు రక్తం ఎక్కడిదో తేలుస్తారు. మూత్రంలో పడినా, మొలల నుంచి వచ్చినా బట్ట మీద మరక ఒకేలా ఉంటుంది. గర్భసంచి ముఖద్వారాన్ని కళ్లతో చూస్తారు. తర్వాత యోని ద్వారా చేసే స్కాన్. ఆవిడ వయసులో లోపొర 4 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ ఉంటే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ. కానీ రెండోసారి కూడా కనిపించింది కాబట్టి అంకె ఎంతున్నా ముక్క పరీక్ష చేయించమనే అంటాను. సన్నని ప్లాస్టిక్ గొట్టం లోపలికి పంపి లోపొర నుంచి కాస్త తీస్తారు. సాధారణంగా మత్తు అక్కర్లేదు, నెలసరి నొప్పిలా పట్టేసి వదులుతుంది. పాప్ స్మియర్ బాగుందని ఎవరైనా ఇంటికి పంపేస్తే ఊరుకోకండి. అది ముఖద్వారానికి చేసే పరీక్ష, లోపొర సంగతి దానితో తేలదు.

ఈ వయసులో ఈ పరీక్షలేమిటని ఆవిడ సిగ్గుపడతారు, నాకు తెలుసు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గైనిక్ ఓపీకి వెళ్లినా, ఘోషాసుపత్రికి వెళ్లినా ఆవిడ వయసువాళ్లు వరుసలో కూర్చునే ఉంటారు. ముక్క పరీక్షలో తేడా వస్తే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉండనే ఉంది. ముందే అంతదూరం ఆలోచించకండి.

ఇక మీ సంగతి. ఆ 14 చూసి కంగారుపడకండి. 4 లెక్క ముట్లుడిగినవారిది. నెలసరి వచ్చేవారిలో లోపొర నెల పొడవునా మారుతుంది, నెలసరి దగ్గరపడ్డాక 14 ఉండటం మామూలే. స్కాన్ ఏ రోజున తీశారో మీరు రాయలేదు, రిపోర్టులోనూ బహుశా రాసి ఉండరు. బయటి గోడకున్న అంత చిన్న కణితి ఇంత రక్తస్రావం తెప్పించదు. లోపలికి చొచ్చుకొచ్చే కణితి అయితే వేరే మాట.

ముందు గర్భం లేదని తేల్చుకోండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినా సరే, ఈ పరీక్ష మానకండి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, థైరాయిడ్ చూపించండి. నలభై దాటారు, ఏడాదిగా ఇలా ఉంది కాబట్టి మీకూ ముక్క పరీక్ష అడుగుతాను. అది బాగుంటే రక్తస్రావం తగ్గించే ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. రక్తం గడ్డకట్టే జబ్బు ఎప్పుడైనా వచ్చి ఉంటే ఆ మాత్రల ముందు డాక్టరుకు చెప్పాలి. ఇవేవీ ప్రయత్నించకుండా గర్భసంచి మీద కత్తి పెట్టడం నాకు ఒంటికి కారం రాసినట్టుంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం పైచిలుకు, మన రాష్ట్రంలో 9 శాతం దగ్గర. మన ఆడవాళ్ల గర్భసంచులేమీ ప్రత్యేకంగా చెడిపోలేదు. తీసేయడం సులువైపోయింది, అంతే. చివరికి ఆపరేషనే తప్పదని తేలితే చేయించుకోండి, కానీ అండాశయాలు ఎందుకు తీస్తున్నారో, ఎందుకు ఉంచుతున్నారో అడిగి తెలుసుకోండి.

గంటకో ప్యాడ్ నిండిపోతూ కళ్లు తిరిగితే మాత్రం ఓపీ రోజు కోసం ఆగకండి, 108కి ఫోను చేయండి.

ఇద్దరూ ఒకే రోజు వెళ్లవచ్చు. మీ నెలసరి మొదలైన తేదీలు కాగితం మీద రాసుకోండి. అత్తయ్యగారి మాత్రలన్నీ సంచిలో వేసుకొని తీసుకెళ్లండి. గుండె కోసం రక్తం పలచబరిచే మాత్ర ఏదైనా వాడుతుంటే, డాక్టరు అడగకపోయినా మీరే చూపించండి.